అమ్మ కోసిన మేక, నేను తప్పిన పేపరు

కిసేలా,
2013 నవంబరు 18.

అమ్మకు,

నీ రెండో కూతురు సియోంబువా దూరం నుంచే నీ రెండు చేతులూ పట్టుకుని రాస్తున్న ఉత్తరం. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ, నీ అల్లుడు క్యాలో కులాసాగానే ఉన్నాం. పిల్లలిద్దరూ హాస్టల్లో బాగున్నారని మొన్ననే కబురు వచ్చింది. అక్కడ కొండ మీద నువ్వూ, తమ్ముడు మున్యోకీ, మరదలూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ కళ్ళకి శ్రమ లేకుండా ఒక గీత వదిలి ఒక గీత మీద పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

నీ ఉత్తరం పోయిన గురువారం బస్సు డ్రైవరు తెచ్చి ఇచ్చాడు. నాలుగు పేజీలు! ఏడేళ్ళ కిందట సంతకం పెట్టమంటే బొటనవేలు చాచిన మనిషివి. ఇప్పుడు నాలుగు పేజీలు నింపి, అంచున అడ్డంగా "కాగితం అయిపోయింది, మాటలు అవలేదు" అని కూడా రాశావు. అది చదివి క్యాలో, "మీ అమ్మ ఎదురుగా ఉన్నా, కాగితం మీద ఉన్నా ఒకటే, మనకి సందు దొరకదు" అని నవ్వాడు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. లేకపోతే "నా ప్రశ్నలు మింగేశావు" అంటావు.

వాన వచ్చింది. పదకొండో తారీఖు మధ్యాహ్నం మొదలై మూడు రోజులు వదలకుండా కురిసింది. పెసలు చక్కగా మొలిచాయి. కంది చేను మాత్రం అక్కడక్కడ బోడిగా ఉంది. ఉడతలు విత్తనాలు తవ్వుకు తినేశాయి. క్యాలో మోకాలు నువ్వు చెప్పిన ఆకు కట్టాక తగ్గిందని నీకు రాయమన్నాడు. నిజానికి తగ్గింది నేనిచ్చిన మాత్రలకి. అత్తగారి వైద్యాన్ని కాదనడం అల్లుడికి ఇష్టం లేదు, అంతే.

"మాస్టారు లేని చదువు ఎలా చదివింది నీ కూతురు, పొద్దున్నే లేచి ఎవరికి దండం పెట్టేది" అని చర్చి ఆడవాళ్ళు నిన్ను అడుగుతున్నారని రాశావు. వాళ్ళకి ఇలా చెప్పు. నేను ఇరవై ఒక్క ఏళ్ళుగా ఎన్‌రోల్డ్ నర్సుని. అంటే తక్కువ చదువుతో పనిలో చేరినదాన్ని. రిజిస్టర్డ్ నర్సు కావాలంటే మళ్ళీ కాలేజీకి వెళ్ళాలి. వెళితే కిసేలా డిస్పెన్సరీకి తాళం పడుతుంది, ఎందుకంటే ఇక్కడ నర్సుని నేనొక్కదాన్నే. అలాంటివాళ్ళ కోసం ఇంటిపట్టున ఉండి చదువుకునే చదువు ఒకటి పెట్టారు. పుస్తకాలు ఒక కట్ట ఇస్తారు. ఒక్కో పుస్తకం పూర్తయినప్పుడల్లా జిల్లా ఆసుపత్రిలో కంప్యూటరు గదికి వెళ్ళి అది అడిగే ప్రశ్నలకి జవాబులు చెప్పాలి. చివర్లో నర్సుల మండలి పరీక్ష రాయాలి.

ఆ గదిలో మొదటి రోజు నేను నొక్కిన జవాబు తప్పయితే తెర మీద "తప్పు, మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. నేను గభాలున "క్షమించండి సార్" అన్నాను, పైకే. పక్క కుర్చీలో ములింగే ఉన్నాడు. పక్క డిస్పెన్సరీలో నాలాంటి నర్సే, నువ్వు చూసిన ఆ పొడుగాయన. "సార్ మన్నించారా?" అని అడిగాడు. అయిదేళ్ళపాటు నన్ను ఏడిపించడానికి ఆ ఒక్క మాట చాలింది అతనికి.

మొదటి పుస్తకం మొదటి పేజీలోనే రాసి ఉంది, ఎవరి నడక వారిదే, తొందర లేదు అని. అది చూసి మురిసిపోయాను. తర్వాత తెలిసింది, తొందర లేని చదువంత కష్టమైనది మరొకటి లేదని. గంట కొట్టేవాళ్ళు లేరు, బెత్తం పట్టేవాళ్ళు లేరు. పెసలు కోతకి వస్తే పుస్తకం మూస్తాం. అత్తగారు మంచం పడితే మూస్తాం. టీకాల వారం వస్తే మూస్తాం. మూసిన పుస్తకం అలిగి వెళ్ళిపోనూ పోదు, అక్కడే కూర్చుని మన ముఖం చూస్తుంది. రెండేళ్ళలో అవుతుందన్న చదువు నాకు అయిదేళ్ళు పట్టింది.

క్యాలో లేకపోతే పదేళ్ళు పట్టేది. అతను మామిడి మొక్కలకి అంట్లు కడుతూ నా పుస్తకం మోకాలి మీద తెరిచి పెట్టుకుని ప్రశ్నలు అడిగేవాడు. నేను వంట చేస్తూ చెప్పేదాన్ని. దాంతో అతనూ సగం నర్సు అయ్యాడు. మొన్న ఒక పెళ్ళిలో నిండు కడుపుతో ఉన్న ఒకామె పాదాల వాపు చూసి, "అమ్మాయీ, తలనొప్పి ఉందా? కళ్ళ ముందు మెరుపులు కనిపిస్తున్నాయా?" అని అడిగాడు. ఆమె మొగుడు కొట్టడానికి వచ్చాడు. నేను పరిగెత్తి సర్దిచెప్పాల్సి వచ్చింది. అయితే అమ్మా, ఆమెకి నిజంగానే రక్తపోటు ఎక్కువగా ఉంది. మర్నాడు ఆ మొగుడే ఆమెని డిస్పెన్సరీకి తీసుకొచ్చాడు. అప్పటినుంచి ఊళ్ళో క్యాలోని "డాక్టరుగారూ" అని పిలుస్తున్నారు. పిలిస్తే పలుకుతున్నాడు కూడా.

ఇక నీ ఆఖరి ప్రశ్న. రిజిస్టర్డ్ నర్సువి అయి ఏడాది దాటింది కదా, భుజాలకి కొత్త పట్టీలు వేసుకున్న ఫోటో ఎందుకు పంపలేదు అని అడిగావు. "నన్ను మరిచావా, నీ ఫోటోల వాడు చచ్చాడా" అని రాశావు.

ఆ ప్రశ్న దగ్గరే మూడు రోజులు ఆగిపోయానమ్మా. ఉత్తరం మొదలుపెట్టడం, కాగితం మడిచి పెట్టెయ్యడం. ఈరోజు చెప్పేస్తాను. చేతిలో టీ కప్పు ఉంటే కింద పెట్టు.

పోయిన సంవత్సరం నేను పాస్ కాలేదు.

నువ్వు మేకను కోసి, చర్చి అంతా పిలిచి, కృతజ్ఞత ప్రార్థన పెట్టించిన నాటికి నేను పరీక్ష తప్పి ఉన్నాను. ఆ సంగతి ఆ పందిట్లో ఇద్దరికే తెలుసు, నాకూ ములింగేకీ. క్యాలోకి తెలుసు కానీ చేను వదిలి ఆ రోజు రాలేదు.

తప్పింది ఒక్క పేపరే. అదేదో తెలిస్తే నవ్వుతావు. ప్రసూతి. వెయ్యి కాన్పులు దాటిన చేతులు నావి. ఊపిరితిత్తుల గురించీ, మనోవ్యాధుల గురించీ నాకు తెలియదని తెలుసు కాబట్టి అక్షరం వదలకుండా చదివాను. ప్రసూతి పుస్తకం మాత్రం తెరవలేదు. వంటింటి అరలో దాని మీద ఉప్పు డబ్బా పెట్టుకున్నాను. నాకు తెలియనిది అందులో ఏముంటుంది అనుకున్నాను. పరీక్షలో నా చేతులు రోజూ చేసేదే రాసి వచ్చాను. ఆ చేతులు ఇరవై ఏళ్ళ కిందట నేర్చుకున్నదే చేస్తున్నాయని, ఈలోగా పుస్తకం చాలా దూరం వెళ్ళిపోయిందని నాకు తెలియలేదు.

ఫలితం తెలిసిన రోజు మున్యోకీ ఫోనుకి చేశాను. వాడు ఫోను నీ చెవి దగ్గర పెట్టాడు.

"ఒక పేపరు పోయిందమ్మా" అన్నాను.

"పాసయిందా!" అన్నావు.

"కాదమ్మా, పోయింది, పోయింది" అని అరిచాను.

నువ్వు ఫోను వదిలేసి సంతోషంతో కేకలు పెట్టడం మొదలుపెట్టావు. మరదలు అందుకుంది. పక్క కొండ మీద ఆడవాళ్ళు కూడా అందుకున్నారు, నాకు వినిపించింది. ఫోను ఎక్కడో గడ్డిలో పడి ఉన్నట్టుంది. నేను అందులోంచి పోయింది పోయింది అంటూనే ఉన్నాను. వినడానికి కోళ్ళు తప్ప ఎవరూ లేరు.

మర్నాడు మున్యోకీకి మళ్ళీ చేసి చెప్పి ఉండొచ్చు. చెయ్యలేదు. కాబట్టి ఆ తప్పు ఫోనుదీ కాదు, నీ చెవిదీ కాదు. నాది. ఎదురుగా వచ్చి చెబుదాంలే అనుకున్నాను. వచ్చేసరికి గుమ్మంలో మేక కట్టేసి ఉంది. పెద్ద కుండల్లో మొక్కజొన్నలూ చిక్కుడు గింజలూ కలిపిన ముథొకొయి ఉడుకుతోంది. చుట్టుపక్కల గడపలన్నిటి నుంచీ కుర్చీలు వచ్చేశాయి.

అప్పుడైనా నిన్ను పక్కకి పిలిచి చెప్పేదాన్నేమో. ఇంతలో నువ్వు లేచి నిలబడ్డావు. చేతిలో బైబిలు. నలుగురి ముందూ చదవడం అదే మొదటిసారి అని మరదలు నా చెవిలో చెప్పింది. కీర్తన మీద వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివావు. ఒక మాట దగ్గర చిక్కుపడ్డావు. పాస్టరుగారు అందించబోతే చెయ్యెత్తి ఆపావు. అంతమందీ కదలకుండా కూర్చున్నారు. ఆ మాట నీ అంతట నువ్వే పట్టుకుని, తలెత్తి నావైపు చూశావు. "నా కూతురు చదివింది, నేనూ చదివాను" అన్నావు. అమ్మా, ఆ చూపుకి ఎదురుగా నిలబడి తప్పానని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. నా కళ్ళలో నీళ్ళు చూసి అంతా సంతోషం అనుకున్నారు.

ములింగేని నువ్వే పిలిపించావు, "నీతో చదివినవాడు తినకపోతే ఎలా" అని. అతను నిజంగానే పాసయ్యాడు. భోజనాల దగ్గర నువ్వు అతన్ని అడిగావు గుర్తుందా, "ఏమయ్యా, మార్కులు నీకెక్కువా, మా పిల్లకెక్కువా?" అని. నేను మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాను. అతను ఎముక కొరుకుతూనే, "కాన్పుల విషయంలో ఈవిడ ముందు నేనెంతమ్మా" అన్నాడు. నువ్వు పొంగిపోయి అతని పళ్ళెంలో కాలేయం ముక్క వేశావు.

తిరుగు ప్రయాణంలో బస్సులో అతను అన్నాడు, "సియోంబువా, నేను మీ అమ్మ మేకని తిన్నాను. ఇంక సాక్ష్యం చెప్పడానికి పనికిరాను. నువ్వే ఏదో ఒకటి చెయ్యాలి."

"ఏం చెయ్యమంటావు?"

"ఆ మేకని నిజం చెయ్యి."

ఇంటికి రాగానే ఉప్పు డబ్బా తీసి పక్కన పెట్టాను. పుస్తకం అట్ట మీద గుండ్రంగా మరక పడి ఉంది.

తప్పినవాళ్ళు మళ్ళీ పరీక్షకి కూర్చునే ముందు ఆరు వారాలు పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో పనిచెయ్యాలని మా చదువులో నియమం. జనవరిలో సెలవు పెట్టి వెళ్ళాను. ములింగే వారానికి మూడు రోజులు మా డిస్పెన్సరీ కూడా చూసుకున్నాడు. నీకు మాత్రం "పెద్దాసుపత్రిలో పని పడింది" అని రాశాను. అది రెండో అబద్ధం. దాన్ని కూడా ఇందులోనే కలుపుకో.

అక్కడ నేర్పేది అవినో అనే అమ్మాయి. పడమట పెద్ద సరస్సు వైపు పిల్ల, ఇరవై ఏడేళ్ళు. నేను నర్సునయ్యేనాటికి పాలపళ్ళు కూడా ఊడి ఉండవు. మొదటి రోజు నా చేతిలో ఒక బిడ్డ పుట్టింది. పుట్టగానే ఎప్పటిలాగే కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద ఒక్కటి వేశాను. కేరుమంది.

అవినో నా చేతిలోంచి బిడ్డని మెల్లగా తీసుకుని తల్లి గుండెల మీద పడుకోబెట్టింది. బయటికి వచ్చాక అడిగింది, "అక్కా, ఆ బిడ్డ నీకేమైనా అపకారం చేసిందా?"

"అదేం మాట? ఇరవై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాను."

"అయితే మీ ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా పిల్లలందరూ లోకాన్ని తలకిందులుగానే మొదట చూశారన్నమాట."

వార్డులో అందరూ నవ్వారు. నాకు ముఖం మండిపోయింది. ఆ రోజే బస్సెక్కుదామనుకున్నాను. కానీ మేక గుర్తొచ్చింది.

ఆ పిల్ల దగ్గర ఒక రబ్బరు బొమ్మ ఉంది. లోపల నీళ్ళు పోస్తే పసిబిడ్డంత బరువు వస్తుంది. ఊపిరి తీసుకోని బిడ్డకి ఊపిరి ఎలా అందించాలో దాని మీద నేర్పింది. ముక్కూ నోరూ కప్పేలా చిన్న తొడుగు, దాని వెనక చేత్తో నొక్కే గాలిసంచి. తలని సరిగ్గా వంచాలి, తొడుగు అంచు ఎక్కడా లేవకూడదు, లెక్క పెడుతూ నొక్కాలి, ఛాతీ లేస్తోందో లేదో చూడాలి. పుట్టిన మొదటి నిమిషంలోనే మొదలవ్వాలి. చెప్పడానికి ఇంతే. నేను నొక్కితే గాలంతా పక్కనుంచి పోయేది. "అక్కా, ఆ ముఖం మీద చపాతీ వత్తుతున్నావా?" అనేది. రెండు వారాలు ఆ బొమ్మతోనే కుస్తీ పట్టాను. ఒక రోజు దాని ఛాతీ బుస్సున లేచింది. అవినో చప్పట్లు కొట్టింది, "అమ్మయ్య, నీ బిడ్డ బతికింది, టీ తాగుదాం పద" అంది.

ఆ పిల్ల పొగరుబోతు కాదమ్మా. ఒకసారి నొప్పులు పడుతున్న ఒకామె ఎవరినీ దగ్గరికి రానివ్వక అరుస్తుంటే, నేను వెళ్ళి నడుము కింద చెయ్యి ఆనించి, ఆమె ఊళ్ళో ఏం పండిస్తారో అడుగుతూ కూర్చున్నాను. కాసేపటికి ఆమె నా భుజం మీద తల పెట్టింది. అవినో తలుపు దగ్గర నిలబడి అంతా చూసింది. తర్వాత వచ్చి, "ఇది ఏ పుస్తకంలో ఉంది?" అని అడిగింది. ఏ పుస్తకంలోనూ లేదన్నాను. "అయితే నువ్వే నాకు నేర్పాలి" అని కాగితం, కలం తీసింది. ఆరు వారాలు అయ్యేసరికి ఆమె నాకు మాస్టారూ, నేను ఆమెకి మాస్టారూ అయ్యాం.

తిరిగి వచ్చాక డిస్పెన్సరీ అలమరా సర్దుతుంటే వెనక అరలో ఒక పెట్టె కనిపించింది. తెరిచాను. అందులో గాలిసంచి, తొడుగు. నాలుగేళ్ళ కిందట మందులతోపాటు వచ్చింది. వాడడం తెలియక నేనే వెనక్కి తోసేశాను. దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను.

మే నెలలో ఒక రోజు, ఎండ నడినెత్తిన ఉండగా, కలేక్యే అనే అమ్మాయిని మోటారుసైకిలు మీద తెచ్చింది వాళ్ళ అత్త. తొలి కాన్పు. ఎక్కువసేపు పట్టింది. బిడ్డ పుట్టింది కానీ నీలంగా, వదులుగా, తడిగుడ్డలా ఉంది. ఏడవలేదు. నా కుడిచెయ్యి దానంతట అదే బిడ్డ కాళ్ళ దగ్గరికి వెళ్ళింది. వెళ్ళిన చేతిని వెనక్కి లాక్కున్నాను.

తుడిచాను. వీపు రుద్దాను. ఏమీ లేదు.

"ఎందుకు ఏడవట్లేదు? అమ్మా, ఎందుకు ఏడవట్లేదు?" అంటోంది కలేక్యే.

తొడుగు పెట్టి నొక్కాను. ఛాతీ లేవలేదు. తల కొంచెం సర్ది మళ్ళీ పెట్టాను. అత్త నా వెనకే నిలబడి మొదలుపెట్టింది, "అదేంటమ్మా ఆ ఆట? కాళ్ళు పట్టుకుని ఒక్కటెయ్యి! నా మనవల్ని నలుగురినీ అలాగే కదా ఏడిపించావు! ఎయ్యమ్మా!"

"మాట్లాడకు పెద్దమ్మా, లెక్క తప్పుతుంది."

నొక్కు, రెండు, మూడు. నొక్కు, రెండు, మూడు. ఛాతీ లేచింది. వేలెడంత ఛాతీ, ఒక్క పిసరు లేచింది. నొక్కు, రెండు, మూడు. ఎంతసేపో నాకు తెలియదు. అత్త ప్రార్థన చెయ్యడం మొదలుపెట్టింది. అప్పుడు బిడ్డ పెదవి అదిరింది. ఒక దగ్గు, చిన్న తుమ్ములాంటిది. పెదాలకి ఎరుపు వచ్చింది. తర్వాత ఏడ్చింది చూడూ, పిల్లి కూనలా మొదలై డిస్పెన్సరీ రేకులు అదిరేలా అందుకుంది.

అత్త బెంచీ మీద కూలబడి, "సైకిలు ట్యూబుకి కొట్టినట్టు కొట్టావు కదే గాలి!" అంది. ముగ్గురం ఏడుస్తూనే నవ్వాం. ఇప్పుడు ఆ పిల్లకి ఆరు నెలలు. బుగ్గలు వేలాడుతున్నాయి. అత్త సంతలో కనిపించిన ప్రతివాళ్ళకీ ఆ కథ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ బిడ్డ ఇంకాస్త ఎక్కువసేపు చచ్చిపోయి ఉంటుంది.

ఆగస్టులో మళ్ళీ పరీక్ష రాశాను. ఈ నెల ఏడో తారీఖున ఫలితం వచ్చింది. ఈసారి పోలేదమ్మా, పాసయింది. పాసయింది అనే రాశాను, రెండుసార్లు చూసుకో. పట్టీలు వేసుకున్న ఫోటో ఈ కాగితాల మధ్యే పెట్టాను. నవ్వు కొంచెం వంకరగా వచ్చింది, ఫోటోల వాడు "ఇంకా నవ్వండి మేడమ్" అని ప్రాణం తీశాడు. ములింగేకి చెబితే, "హమ్మయ్య, ఇవాళ్టికి మేక అరిగింది" అన్నాడు.

నీకు ఆ రోజే రాయాల్సింది. కానీ అంతకన్నా ముందు ఇంకొకరికి చెప్పాల్సింది ఉందనిపించింది. మే నెల నుంచీ అది నన్ను తినేస్తోంది. కలేక్యే బిడ్డ ఏడ్చిన రోజు ఇంటికి వెళ్ళి నేను చేసుకున్నది పండగ కాదు. ఇరవై ఏళ్ళలో ఏడవని బిడ్డలు నా చేతుల్లో ఇంకొందరు ఉన్నారు. కాళ్ళు పట్టి ఎత్తాను, కొట్టాను, చల్లనీళ్ళు చల్లాను. తర్వాత గుడ్డలో చుట్టి తల్లికి ఇచ్చి, "దేవుడు తీసుకున్నాడు" అని చెప్పాను. అందరూ ఒప్పుకున్నారు. ఒక్కరూ నన్ను ఏమీ అనలేదు. అందులో ఎంతమంది బతికేవారో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. కానీ ఆఖరి బిడ్డనాటికి ఆ గాలిసంచి పెట్టె అలమరాలోనే ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ ఆఖరి బిడ్డ తల్లి పేరు న్థెన్యా. సంతలో టమాటాలు అమ్ముతుంది. నలభై దాటాక మళ్ళీ కడుపు పండింది, అదే ఆమెకి చివరి కాన్పు. ఎప్పుడు కనిపించినా నాకు రెండు కాయలు ఎక్కువ వేస్తుంది. ఫలితం వచ్చిన మర్నాడు ఆమె ఇంటికి వెళ్ళాను. వాకిట్లో టమాటాలు ఏరుతోంది. నాకూ ఒక పీట వేసింది. నేనూ ఆమెతోపాటు ఏరుతూ, తల ఎత్తకుండా మొత్తం చెప్పాను. పెట్టె సంగతి చెప్పాను. వాడడం నాకు తెలియలేదని చెప్పాను, తెలుసుకోవాలని కూడా అనిపించలేదని చెప్పాను.

ఆమె ఏరడం ఆపింది. చేతిలో కాయని తిప్పుతూనే ఉంది. కొట్టినా, తిట్టినా, లేచి పొమ్మన్నా నాకు న్యాయంగానే అనిపించేది.

చివరికి, "వాడికి పేరు పెట్టుకున్నాను, తెలుసా? ఎవరికీ చెప్పలేదు" అంది.

"ఏం పేరు?"

చెప్పింది. అది ఆమె నాకు ఇచ్చినది, ఇక్కడ రాయను. ఇద్దరం కాసేపు ఏడ్చాం.

తర్వాత తలగుడ్డతో ముఖం తుడుచుకుని అడిగింది, "ఇప్పుడు వచ్చా నీకు, ఆ గాలి కొట్టడం?"

"వచ్చు."

"బాగా వచ్చా?"

"బాగా వచ్చు."

"మా పెద్దకోడలికి జనవరిలో నెలలు నిండుతాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమంటున్నారు అంతా. నేను నీ దగ్గరికే పంపుతాను." ఒక ఊపిరి తీసుకుని, "ఆ పెట్టె మాత్రం బల్ల మీద పెట్టుకో, అలమరాలో కాదు" అంది.

ఆమెకి చెప్పగలిగినదాన్ని నీకు మేక సంగతి చెప్పలేనా అనుకున్నాను. అందుకే ఈ ఉత్తరం. కోపం వస్తే తిట్టి రాయి, ఎన్ని పేజీలైనా చదువుతాను. పాస్టరుగారికీ, చర్చి ఆడవాళ్ళకీ ఏం చెప్పాలో నీ ఇష్టం. డిసెంబరులో వచ్చినప్పుడు వాళ్ళముందు నన్నే చెప్పమన్నా నాకు సమ్మతమే. నన్ను నమ్మి మేకను కోసినందుకు, అది అబద్ధమని తెలియకుండానే నన్ను మళ్ళీ పుస్తకం ముందు కూర్చోబెట్టినందుకు నీకు ఎన్ని దండాలు పెట్టినా చాలవు. ఒక్కసారికే పాసై ఉంటే అవినో దగ్గరికి వెళ్ళేదాన్ని కాదు. తప్పినందుకు కూడా దేవుడికి దండం పెట్టుకుంటున్నానమ్మా.

న్థెన్యా కోడలు నిన్న పొద్దున్న వచ్చింది. భయంభయంగా బల్ల మీద పడుకుంది. న్థెన్యా ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. కడుపు మీద చెవి ఆనించి విన్నాను, చేత్తో తడిమి చూశాను. గుండె గట్టిగా కొట్టుకుంటోంది. తల కిందికే ఉంది. "అంతా సరిగ్గానే ఉంది" అన్నాను. న్థెన్యా కోడల్ని లేపి కూర్చోబెట్టింది. వెళ్ళేటప్పుడు బల్ల మీద ఉన్న పెట్టె మూత ఒకసారి తెరిచి చూసి, మళ్ళీ జాగ్రత్తగా మూసి వెళ్ళింది.

ఇట్లు,
నీ మన్నింపు కోరుతున్న
నీ కూతురు
సియోంబువా